మొదటి వాక్యంలో ఖాళీ

రడరమ్ మాస్టారి టోపీ మంగళవారం పొద్దున దొరికింది. హాలిఫాక్స్ రేవులో, ఫెర్రీ పడవ ఎక్కే మెట్ల పక్కన, నీళ్ల మీద తేలుతోంది. మనిషి గంట తర్వాత దొరికారు.

కాలు జారిందన్నారు పోలీసులు. అక్టోబరు చివరి వారం, పొగమంచు, నాచు పట్టిన మెట్లు, అరవై ఏడేళ్ల మనిషి. ఎవరికీ అనుమానం రాలేదు. డోరిన్ పైక్‌కి కూడా అనుమానం లేదు. ఆమెకి తెలుసు.

డోరిన్ పైక్ ఆమె అసలు పేరు కాదు. రాజధాని ఆటవాలోని గూఢచారి శాఖ నుంచి ఒక కవరులో, పుట్టినతేదీ సర్టిఫికెట్టుతో పాటు వచ్చిన పేరు. కానీ మాస్టారు పిలిచింది ఆ పేరుతోనే. ఇక్కడా అదే ఉండనిద్దాం.

ఆగస్టులో ఆ కవరు ఇచ్చినవాడు బుడ్రో, ఆమె పై అధికారి. కోటగుట్ట కింద ఆపిన కారులో కూర్చుని వేయించిన చేప తింటూ పని అప్పజెప్పాడు.

"వయసెంత నీకు?"

"ఇరవై ఏడు, సర్."

"ఇరవై రెండులా కనబడు. వచ్చే నెల నుంచి జర్నలిజం మొదటి సంవత్సరం స్టూడెంటువి."

"టార్గెట్?"

"నార్త్ బేసిన్ షిప్పింగ్. పైకి సరుకు ఓడల ఏజెన్సీ, లోపల విదేశీ ముఠా. మేనేజరు పేరు ట్రాస్క్. వాళ్ల దేశం నుంచి పారిపోయొచ్చిన పత్రికలవాళ్లని ఒక్కొక్కర్నే లేపేస్తున్నారు. మాంట్రియల్లో ఒకడు, టొరాంటోలో ఒకడు. రెండూ గుండెపోటని రాశారు డాక్టర్లు. మూడోవాడు సావా పెట్రిన్. పార్లమెంటు కమిటీ ముందు సాక్ష్యం చెప్పాలి. ఈ ఊళ్లోనే ఎక్కడో దాక్కున్నాడు."

"ఎక్కడో మనకి తెలీదా?"

"మనల్ని నమ్మడు. వాడు నమ్మేది ఒక్కణ్ణే, మీ రిపోర్టింగ్ మాస్టారు వాలెస్ రడరమ్‌ని. ముసలాయన వెంట ఉండు. నీ సంగతి ఆయనకి తెలియకూడదు."

"లోపల మనవాళ్లెవరైనా?"

"ఇరేనా. మీ కాలేజీలోనే ఫొటోగ్రఫీ చెబుతుంది. నీ సంగతి తెలుసు. తన మనిషేనని ట్రాస్క్ అనుకుంటాడు. మన మనిషని నేననుకుంటా."

"అసలు ఎవరి మనిషి, సర్?"

"తెలిస్తే నాకూ చెప్పు," అని బుడ్రో వేళ్లు తుడుచుకుని ఒక నల్ల పెన్ను ఇచ్చాడు. మూత తిప్పితే నలభై నిమిషాలు మాటలు రికార్డవుతాయి. రాయడానికి మాత్రం పనికిరాదు.

ఆ సంగతి మొదటి క్లాసులోనే బయటపడింది. రడరమ్ మాస్టారు ఆమె బల్ల దగ్గర ఆగి, నోట్‌బుక్కు ఖాళీగా ఉండటం చూశారు.

"ఏం అమ్మాయ్, పెన్ను అలంకారానికా?"

"రాయట్లేదు సర్."

"రాయని పెన్నూ, అడగని నోరూ పెట్టుకుని ఈ చదువుకెందుకొచ్చావు? ఇదిగో." జేబులోంచి మొండి పెన్సిలొకటి తీసిచ్చారు. "చలికాలం రేవు దగ్గర పెన్నులో సిరా గడ్డకడుతుంది. పెన్సిలుకి ఆ రోగం లేదు."

ఆయన పద్ధతులు పాతకాలానివి. వార్తలో ఒక్క తప్పుంటే సున్నా. సున్నా వచ్చినవాడికి ఓదార్పుగా ఒక తెల్ల పిప్పరమెంటు బిళ్ల. మొదటి సంవత్సరం వాళ్లకి ముందుగా నేర్పేది చావు వార్త. "అది రాయడం రానివాడికి ఏ వార్తా రాదు. మనిషి గురించి పేపర్లో ఆఖరిసారి వచ్చేది అదే, తర్వాత దిద్దుకోడానికి ఆయన ఉండడు. వయసు అడక్కుండా మాత్రం నా దగ్గరికి రాకండి" అనేవారు. బతికున్న పెద్దవాళ్ల చావు వార్తలు కూడా ముందే రాయించి, కటింగుల గదిలో ఫైళ్లలో పెట్టించేవారు. మొదటి వాక్యంలో పేరుండేది. వయసు, రోజు, చోటు, కారణం ఖాళీ. ఆ ఖాళీ నింపే రోజు వస్తే నింపాలి.

ఇంకో నియమం ఉంది. ఎవరికి నష్టం కలిగేలా రాస్తున్నామో వాళ్లకి ఫోను చేసి వాళ్ల మాట అడగాలి. నీ పేరూ, నీ ఎడిటరు పేరూ చెప్పి మరీ అడగాలి. చాటుగా రాసేది వార్త కాదు.

డోరిన్ నాలుగేళ్లు గూఢచారి శిక్షణ పొందింది. ఎవరి పేరూ ఎవరికీ చెప్పకూడదన్నది అక్కడ మొదటి పాఠం. మాస్టారి క్లాసులో కూర్చున్నది ఏడు వారాలు. ఊళ్లోని ఏదైనా కంపెనీ మీద వార్త రాసుకురమ్మంటే నార్త్ బేసిన్‌ని ఎంచుకుంది. రేవు రిజిస్టరులో లేని ఓడ ఒకటి పట్టుకుంది. మొదటిసారి మాస్టారు ఎర్ర పెన్సిలు ముట్టుకోకుండా రెండు పేజీలూ చదివారు.

"బావుంది. వాళ్ల మాటేదీ?"

అంతే అన్నారు. సోమవారం మధ్యాహ్నం ఆమె స్టూడెంట్ల న్యూస్‌రూమ్ నుంచి నార్త్ బేసిన్‌కి ఫోను చేసింది.

"నేను జర్నలిజం స్టూడెంట్‌నండీ. మీ ఓడ గురించి మీ మాట కావాలి."

"తప్పకుండా తల్లీ," అంది అవతలి గొంతు, ఎంతో మెత్తగా. "మీ ఎడిటరెవరు?"

"వాలెస్ రడరమ్."

చెప్పి ఫోను పెట్టేసి, పద్ధతి ప్రకారం చేశానని సంతోషపడింది. ఆ సంతోషం మంగళవారం పొద్దున టోపీ దొరికేదాకా ఉంది.

బుధవారం డిపార్ట్‌మెంటు హెడ్డు పిలిచి, మాస్టారి చావు వార్త నువ్వే రాయాలన్నాడు. "ఈ ఏడాది ఆయన మెచ్చుకున్నది నిన్నొక్కదాన్నే." డోరిన్ కటింగుల గదికి వెళ్లింది. పి నుంచి ఆర్ దాకా ఒకే సొరుగు. మాస్టారి ఫైలు తీయబోతే పెట్రిన్ ఫైలు అంగుళం పైకి తేలి ఉంది. అది మాస్టారు స్వయంగా రాసి పెట్టుకున్న కాగితం. తెరిచింది.

ఖాళీ నింపి ఉంది.

'సావా పెట్రిన్, 71, శుక్రవారం మధ్యాహ్నం హాలిఫాక్స్‌లో గుండెపోటుతో మరణించారు.'

శుక్రవారం రావడానికి ఇంకా రెండు రోజులున్నాయి. ఆ రోజు పదకొండున్నరకి కాలేజీ హాల్లో మాస్టారి సంతాప సభ. ఇద్దరి స్నేహం ట్రాస్క్ మనుషులకీ తెలిసినట్టుంది, స్నేహితుడి సభకి పెట్రిన్ రాకుండా ఉండడని లెక్క వేసుకున్నారు.

వీధి చివరి ఫోను బూతు నుంచి బుడ్రోకి చేసింది.

"గాలి ఎటుంది?" అని గుర్తుమాట చెప్పింది.

"రేవు వైపే. చెప్పు."

చెప్పింది. సభ ఆపించమంది.

"టైపు కొట్టిన ఒక్క లైను చూసి సభ ఆపమంటావా? ఇంకో సోర్సుందా?"

"లేదు సర్."

"ఆపితే ట్రాస్క్ జారిపోతాడు. పెట్రిన్‌కి కబురు పెడదామంటే ఎక్కడున్నాడో తెలిసిన ముసలాయన పోయాడు. తలుపుల దగ్గర ఇద్దర్ని పెడతా. కళ్లు తెరుచుకుని కూర్చో."

"సర్, ఇంకొకటి. మాస్టారి పేరు ట్రాస్క్‌కి చెప్పింది నేనే."



"అది రిపోర్టులో రాయకు," అన్నాడు బుడ్రో.

గురువారం క్యాంటీన్లో ఆమె ముందున్న చేపల సూపు చల్లారిపోతుంటే ఇరేనా వచ్చి ఎదురుగా కూర్చుంది. ఆకుపచ్చ పొడుగు కోటు, ముదురు లిప్‌స్టిక్కు. ఆమె నడిచొస్తే క్యాంటీన్లో సగం చెంచాలు ఆగిపోతాయి.

"తినకుండా ఏడిస్తే ముసలాయన లేచొస్తాడా పిల్లా?"

"ఏడవట్లేదు."

"అదే నీతో చిక్కు." సిగరెట్టు వెలిగించింది. "సోమవారం సాయంత్రం ట్రాస్క్ నన్నడిగాడు, రడరమ్ అనే ఎడిటరెవరని. ముసలి పంతులు, రోజూ పొద్దున్నే పనేం లేకపోయినా ఫెర్రీ ఎక్కి దిగుతాడు అన్నాను. నవ్వుతూ అన్నాను. నీళ్లలో తోస్తాడని తెలీదు."

"రేపేం చేస్తారు?"

"నాకు చెబుతారా! మనిషిని బయటినుంచి దింపారు. మొహం నేను చూడలేదు. ఊరికి కొత్త, అంత వరకే తెలుసు." లేస్తూ డోరిన్ సూపు గిన్నె ఆమె ముందుకి జరిపింది. "తిను. రేపు చేతులు వణక్కూడదు."

శుక్రవారం హాలు నిండిపోయింది. పాత విలేఖరులు, ప్రెస్సులో పనిచేసినవాళ్లు, పదకొండేళ్లుగా ఆయన దగ్గర సున్నాలు తెచ్చుకున్న స్టూడెంట్లు. మాట్లాడే బల్ల మీద పిప్పరమెంటు బిళ్లల గాజు గిన్నె పెట్టారు. మాట్లాడడానికి వచ్చినవాళ్లందరూ ఆయన పేరు చెప్పుకుని ఒకటి తీసుకోవాలని హెడ్డు అన్నాడు. ఆయనొకటి తీసుకున్నాడు. మాస్టారి చెల్లెలు ఒకటి తీసుకుని, మాట్లాడలేక, బిళ్లని పిడికిట్లో పట్టుకునే వచ్చి కూర్చుంది. ఇద్దరికీ ఏమీ కాలేదు.

డోరిన్ ముందు వరసలో కూర్చుంది. తలుపుల దగ్గర బుడ్రో మనుషులు. టీ బల్ల దగ్గర శవసంస్కారాల కంపెనీ వాళ్లు నలుగురు, నల్ల కోట్లలో. వాళ్లలో ఒకతను వచ్చి, బిళ్లల గిన్నె తీసి ఇంకో నిండు గిన్నె పెట్టి వెళ్లాడు. ఆమె చూసింది. చూసినా ఏమీ తోచలేదు.

అప్పుడు చివరి వరసలో ఫెర్రీ యూనిఫారంలో ఉన్న ముసలాయన లేచి టోపీ తీశాడు. ఊరంతా రెండేళ్లుగా ఆయన చేతికే టిక్కెట్లిస్తోంది. బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"నా పేరు సావా పెట్రిన్. వాలెస్ రోజూ నా కోసం ఫెర్రీ ఎక్కేవాడు. మంగళవారం కూడా నా కోసమే వచ్చాడు."

హాల్లో గుసగుసలు రేగాయి. పెట్రిన్ గిన్నెలో చెయ్యి పెట్టి ఒక బిళ్ల తీశాడు.

పన్నెండయింది. కోటగుట్ట మీద ఫిరంగి పేలింది.

అది రోజూ పేలుతుంది. ఆ ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లు ఆ చప్పుడుకి మాట కూడా ఆపరు, గడియారం సరిచేసుకుంటారు. ఆ ఫిరంగికి ఉలిక్కిపడేది పావురాలూ, పరాయివాళ్లే. మూడు వందల మంది ఉన్న హాల్లో ఒక్క మనిషి మెడ కుదించుకుని, చెయ్యి కోటులోకి పోనిచ్చాడు. నల్ల కోటతను. గిన్నె మార్చినవాడు.

పెట్రిన్ చెయ్యి నోటి దాకా వెళ్లింది.

అరిస్తే కోటులో చెయ్యి తుపాకీతో బయటికొస్తుంది. పరుగెత్తితే అందదు. డోరిన్ నోట్‌బుక్కు పట్టుకుని లేచి నిలబడింది.

"మిస్టర్ పెట్రిన్! మీ వయసెంత?"

వెనకెవరో ముసలి విలేఖరి "వాలెస్ తయారుచేసిన పిల్లే" అని, నవ్వబోయి ముక్కు చీదుకున్నాడు. పెట్రిన్ చెయ్యి దించాడు. నలభై ఏళ్లు పత్రిక నడిపిన మనిషి. ఆ ప్రశ్నకి జవాబు చెప్పకుండా ఉండలేడు.

"డెబ్బై ఒకటి. సరిగ్గా రాసుకో."

"రాశాను సర్." ఆమె నడుస్తూనే ఉంది. "ఆ బిళ్ల ఇటివ్వండి. నోట్లో ఏదైనా పెట్టుకుని మాట్లాడితే మాస్టారు ఊరుకోరు."

పెట్రిన్ ఆమె కళ్లలోకి చూశాడు. తర్వాత గిన్నెకేసి చూశాడు. ఏమీ అడగకుండా బిళ్లని ఆమె రుమాల్లో వేశాడు. ఆమె వెనక్కి తిరక్కుండా పెన్సిలుతో టీ బల్ల వైపు చూపించింది. బుడ్రో మనుషులు అటూ ఇటూ చేరి, మంచి స్నేహితుల్లా భుజాల మీద చేతులు వేసి నల్ల కోటతన్ని బయటికి నడిపించుకుపోయారు. సభ ఆగలేదు. మాస్టారి చెల్లెలికి ఇప్పటికీ ఆ సంగతి తెలీదు.

బిళ్ల చప్పరించిన తొమ్మిది నిమిషాలకి గుండె ఆగుతుందనీ, ఏ జాడా మిగలదనీ లేబొరేటరీ చెప్పింది. ఆ సాయంత్రమే ట్రాస్క్‌ని మూడు పాస్‌పోర్టులతో పట్టుకున్నారు. బుడ్రో ఫోన్లో "శభాష్" అన్నాడు. అంతకు ముందు ఆయన నోట ఆ మాట ఆమె వినలేదు.

పన్నెండు రోజుల తర్వాత ట్రాస్క్‌ని విమానం ఎక్కించారు. అటు జైల్లో ఉన్న ఇక్కడి గూఢచారి ఒకడు ఇటొచ్చాడు, ఇటునుంచి ట్రాస్క్ అటు వెళ్లాడు. విచారణ లేదు. పోలీసు ఫైల్లో మాస్టారు కాలు జారి పడినట్టే ఉంది. పెట్రిన్ సాక్ష్యం చెప్పనన్నాడు. "నా కోసం మనుషులు పోవడం ఇక చాలు" అని, ఫెర్రీ టోపీ కౌంటరు మీద పెట్టి ఎటో వెళ్లిపోయాడు.

సభ అయిన తర్వాతి సోమవారం ఇరేనా క్లాసుకి రాలేదు. డార్క్‌రూమ్‌లో మేకుకి ఆకుపచ్చ కోటు వేలాడుతోంది. జేబులో చీటీ ఉంది.

'ఖాళీ నింపింది నేనే. శుక్రవారం మధ్యాహ్నం, గుండెపోటు, వాళ్లు నాకు చెప్పింది అంతే. ముసలాయన ఫైలు కోసం వస్తావని తెలుసు, పక్క ఫైలు చూస్తావని ఆశపడ్డాను. ఫెర్రీ సంగతి ట్రాస్క్‌కి చెప్పిందీ నేనే. రాస్తే రెండూ రాయి.'

నవంబరు చలిలో కోటు వదిలేసి ఎవరూ ఇష్టపడి వెళ్లరు. బుడ్రో ఆ చీటీ తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశాడు. డోరిన్ రాయని పెన్ను కూడా తిరిగిచ్చేసింది. పెన్సిలు ఇవ్వలేదు.

కోర్సు మానెయ్యమని ఆటవా నుంచి ఉత్తర్వు వచ్చింది. క్రిస్మస్ దాకా గడువడిగింది. చావు వార్త ఇవ్వాలి కదా. మిగతా అంతా అయింది. పుట్టింది గ్లేస్ బేలో, బొగ్గుగని కార్మికుడి ఇంట్లో. పత్రికలో ముప్ఫై ఒక్క ఏళ్లు, కాలేజీలో పదకొండు. అన్నీ రెండుసార్లు ఫోను చేసి సరిచూసింది. ఈ వార్త వల్ల ఎవరికి నష్టమో వాళ్ల మాట కూడా అడగాలి. అది తననే అడగాలి.

కాలు జారి అని రాస్తే తప్పు. తప్పుకి సున్నా. నిజం రాస్తే ప్రభుత్వ రహస్యం బయటపెట్టినందుకు జైలు. పైగా ఆ వాక్యంలో తన పేరుండాలి, ఆ పేరూ నిజం కాదు. పేపరు ఆఫీసు నుంచి మూడుసార్లు ఫోను వచ్చింది. సున్నా వేసి బిళ్ల ఇచ్చేవారు లేరు.

కాగితం మీద పేరుంది. వయసు, అరవై ఏడు. మంగళవారం ఉదయం. హాలిఫాక్స్ రేవు.

కారణం ఇంకా రాయలేదు.