జడపువ్వుల బుట్ట

పొద్దున్నే ఎసట్లో బియ్యం పోసి, ఆ బియ్యం కడిగిన నీళ్ళు చెంబుతో పట్టుకుని రాజ్యం వీధరుగు మీదికి వచ్చింది. వాసానికి వేలాడుతున్న కొబ్బరిపీచు బుట్టలో ఆ నీళ్ళు పోసింది. పీచంతా నాని, కింద నేల మీద చుక్కలు పడేదాకా పోసింది.

ఆ బుట్టలో ఉన్నది జడపువ్వుల మొక్క. కొండల్లో చెట్ల కొమ్మలు పట్టుకుని బతికే మొక్క. దానికి మట్టి అక్కర్లేదు. ఎండాకాలంలో పూలగెలలు జడల్లా కిందికి దిగుతాయి. రాజ్యం తల్లి అప్పలనరసమ్మ ఒకసారి మాడుగుల సంతకి వెళ్ళి, ఎండుకొమ్మతో సహా దాన్ని తెచ్చి ఈ బుట్టలో పెట్టింది. ఆవిడ పోయి ఎనిమిదేళ్ళయింది. మొక్క మాత్రం ఏటేటా పూస్తూనే ఉంది. ఈ ఏడాది మాత్రం ఒక్క గెలే వేసింది. అదీ సగంలోనే రాలిపోయింది.

"రాజ్యం, దానికి ఈ పూట నీళ్ళు ఒద్దేమోనమ్మా. ఆకు పసుపు తిరుగుతంది" అంది గుమ్మంలోంచి దేముడమ్మ. అప్పలనరసమ్మ పోయిన రెండేళ్ళకి ఆ ఇంటికి వచ్చిన సవతి తల్లి ఆమె.

రాజ్యం వెనక్కి తిరగలేదు. "మా అమ్మ మొక్క సంగతి నాకు తెలుసు" అని గోడకి చెప్పినట్టు చెప్పింది. ఇన్నేళ్ళలో ఆ పిల్ల దేముడమ్మని ఏ వరసా పెట్టి పిలవలేదు. పిలవాల్సి వస్తే 'ఇదిగో' అనేది.

శ్రావణంలో రాజ్యం పెళ్ళి. కె.కోటపాడు సంబంధం. పెళ్ళికి ముందు, చనిపోయిన ముత్తైదువని పేరంటాలుగా తలుచుకుని చీర పెట్టడం ఆ ఇంటి ఆనవాయితీ. తల్లికి పెట్టే ఆ చీర కొనడానికే రాజ్యం ఆ రోజు మేనత్త సన్యాసమ్మతో కలిసి అనకాపల్లి బయల్దేరింది.

"నాన్నా, ఆ బుట్ట నా బండిలోనే కోటపాడు వస్తాది. ముందే సెప్తన్నాను" అంది తండ్రి సత్యారావుతో.

"బుట్టేటి తల్లీ, వాసంతో సహా ఊడదీసి ఇచ్చేస్తాను. ఈ ఇల్లు కూలిపోతే మేమూ వచ్చి మీ ఇంట్లోనే ఉంటాం" అని సత్యారావు నవ్వేడు.

సాయంత్రం వాళ్ళు తిరిగి వచ్చారు. అణాలు పోయి నయాపైసలు వచ్చిన ఏడాది అది. కండక్టరు ఇచ్చిన చిల్లర అర్థంకాక దారంతా సన్యాసమ్మ సణుగుతూనే వచ్చింది. అరుగు వాసానికి బుట్ట కనపడక ఇద్దరూ దొడ్లోకి వెళ్ళారు. అక్కడ అడుగు పెట్టగానే ఆ సణుగుడు ఆగిపోయింది.

నేలమీద మొక్క రెండు ముక్కలై రెండు కుండల్లో ఉంది. కోసిన చోటల్లా పసుపు, దాని మీద నల్లటి బొగ్గుపొడి. కుండలకి కుంకం బొట్లు. పక్కనే కత్తి. వాటి ముందు దేముడమ్మ.

"ఓలమ్మో! ఒరే సత్తిగా, బేగి రారా! పసుపు, బొగ్గు, కత్తి... ఇది సిల్లంగి కాకపోతే ఏటిరా? నీ మొదటి పెళ్ళాన్ని కొంపలోంచి తోలేస్తంది రోయ్!" అని అరిచింది సన్యాసమ్మ.

చిల్లంగి అంటే చేతబడి. ఆ మాట గడప దాటిందంటే ఇక ఆ మనిషికి ఊళ్ళో నిలవ నీడ ఉండదు. అప్పటికే పక్కింటి గోడ మీద అచ్చియ్యమ్మ తల లేచింది.

"ఒదినా, నీకు దండం పెడతాను, ఆ మాట అనకు" అంది దేముడమ్మ. "బుట్ట పుచ్చిపోనాది. బండి కుదుపులకి ఆగదు. అందుకని మొక్క ఇడదీసి..."

"నేను ఇంట్లో లేకుండా సూసి ఎందుకు కోసేవు?" అని అరిచింది రాజ్యం.

"ఉంటే ముట్టుకోనిచ్చేదానివేటమ్మా? అడక్కుండా సెయ్యి పెట్టడం తప్పే."

"ఇన్నాళ్ళూ నేనే పెంచేను. రోజూ నేనే పోసేను. నీ సెయ్యి పడ్డాకే దానికి ఈ గతి పట్టింది!"

దేముడమ్మ ఏదో చెప్పబోయింది. దొడ్డి మూల పెంటకుప్ప మీద పడేసిన పాత బుట్ట వైపు ఒకసారి చూసింది. "అవునమ్మా. నా సెయ్యే" అంది.

"ఇన్నావురా? ఒప్పుకుంది! పెళ్ళిపీటల దగ్గరికి ఇది రాకూడదు. వచ్చిందా, నేను గుమ్మం తొక్కను" అంది సన్యాసమ్మ.

"అప్పా, ఆగు" అన్నాడు సత్యారావు అక్కతో. భార్యని చూసేడు, కూతుర్ని చూసేడు. "పెళ్ళి నీది. నువ్వు ఏటంటే అదే, తల్లీ."

రాజ్యం కుండల్ని దాటుకుని ముందుకి నడిచింది. తల్లి చేత్తో అల్లిన ఆ పాత బుట్టైనా దక్కించుకుందామని పెంటకుప్ప దగ్గరికి వెళ్ళింది. బుట్టలో చెయ్యి పెట్టింది. పెట్టిన చెయ్యి జారింది. లోపల మిగిలిన మొక్క వేళ్ళన్నీ నల్లగా, బంకగా కుళ్ళిపోయి ఉన్నాయి. గుప్పుమని పులిసిన వాసన. ఎక్కడి వాసన ఇది? చెయ్యి బయటికి తీసి చూసుకుంది. చేతికి వచ్చిన కుళ్ళిన వేరుముక్కలకి అంటుకుని నూకలు తెల్లగా మెరుస్తున్నాయి. పొద్దున తను పోసిన నీళ్ళలోని నూకలు.

అలాగే కూలబడిపోయింది.

"అత్తా, ఇది సిల్లంగి కాదు" అంది. "నా బియ్యం నీళ్ళు."

దేముడమ్మ పరుగున వచ్చి పక్కన కూచుంది. పైటతో ఆ చెయ్యి తుడిచింది. "ఆ నీళ్ళు బీరపాదుకి మంచివే. దీనికే పడవు. మా కన్నోరి ఊరు సీడికాడ కొండలంట సూసేను కదా, గాలికి బతుకుతాది ఇది. నువ్వు ప్రేమగా పోసేవు. నీకేటి తెలుసు?"

"మరి అంత మాట పడ్డావు. సెప్పలేదేటి?"

"మీ అమ్మ మొక్కని నువ్వే సంపుకుంటన్నావని నా నోటితో ఎలాగ సెప్పనమ్మా?" అంది దేముడమ్మ. "కుళ్ళు కోసి పసుపూ బొగ్గూ రాసేను, పుండుకి రాసినట్టు. బొట్టు దేనికంటావా... కత్తి పెట్టేముందు మీ అమ్మని అడిగేను. 'అప్పా, నీ కూతురు గుంట కోసమే కోస్తన్నాను, కోపం పడకు' అని."

కుండలు దగ్గరికి జరిపి చూపించింది. ఒకదాంట్లో పచ్చటి ఆకులు. రెండోదాంట్లో ఆకు లేని ముదురు దుంపలు, వాడిన ఉల్లిపాయల్లా. "ఆకులున్నది నీతో వస్తాది. ఈ దుంపలు మీ అమ్మ సేత్తో పెట్టినవి. ఎండిపోనాయనుకోకు, మొలుస్తాయి. అప్ప నీతోనూ రావాలి, ఈ ఇంట్లోనూ ఉండాలి."

సత్యారావు తువ్వాలుతో ముక్కు తుడుచుకున్నాడు. సన్యాసమ్మ గోడ వైపు విసురుగా తిరిగింది.

"ఏటే అచ్చియ్యమ్మా, అలాగ సూస్తన్నావు? మొక్కకి మందు రాయడం ఎప్పుడూ సూళ్ళేదేటి? పో, నీ పొయ్యి మీద ఎసరు పొంగిపోతంది!"

పేరంటాలుకి చీర పెట్టిన రోజున దీపం ముందు అందరూ దండం పెట్టుకున్నారు. ఆ చీర కూతురు కట్టుకోవాలి. రాజ్యం దాన్ని తీసి తిన్నగా దేముడమ్మ చేతుల్లో పెట్టింది.

"నువ్వు కట్టుకో, పిన్నీ."

ఆ పిలుపుకి దేముడమ్మ నిలబడ్డచోటే నిలబడిపోయింది. "తప్పమ్మా, ఇది నీది..."

"తప్పేటి లేదు. నేను కూడా అమ్మని అడిగేనులే."

"కట్టుకోయే" అంది సన్యాసమ్మ. "అలాగ కళ్ళనీళ్ళు ఒలకబోస్తే సీర రంగు దిగిపోతాది."

పెళ్ళయి, రాజ్యం ఒళ్ళో పచ్చాకుల కుండతో బండెక్కింది. అరుగు మీద కొత్త బుట్ట వేలాడుతోంది. ఆకు లేని ఆ దుంపల పక్కన, గోరంత ఆకుపచ్చ మొలక బయటికి వచ్చింది. దాని కింద పేరంటాలు చీరలో దేముడమ్మ, ఏడవకూడదని పళ్ళు బిగించి నిలబడింది.

బండి కదిలింది. వీధి మలుపులో రాజ్యం తల బయటికి పెట్టి గట్టిగా అరిచింది.

"పిన్నీ! దానికి బియ్యం నీళ్ళు పొయ్యకేం!"

వీధంతా గొల్లున నవ్వింది. అంతదాకా ఆపుకున్న దేముడమ్మకి, అందరూ నవ్వుతుంటే, అప్పుడు వచ్చింది ఏడుపు.