కన్సల్టెంట్‌కి మార్కులు వెయ్యనివాడు

తనను ఇంటర్వ్యూ చెయ్యడానికి కూర్చున్నవాళ్లనే గదిలోంచి బయటికి పంపించిన అమ్మాయిని జితేందర్ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"మీరు ముగ్గురూ కాస్త బయటికెళ్తారా అండీ?" అంది సింధూజ, కుర్చీ ముందుకు లాక్కుంటూ.

షరీఫ్ సార్ కళ్లజోడు ముక్కు చివరికి జారింది. "మేం బయటికా? అమ్మా, మేం ప్యానెల్!"

"అవునండీ. అందుకే వెళ్లమంటున్నాను."

మస్కట్‌లో, హమ్రియాలో, ఒక టైలర్ షాపు పైన రెండు గదుల ఆఫీసు అది. చిన్న సేవాసంస్థ. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకూ, క్యాంపుల్లో ఉండే కూలీలకూ సాయం చెయ్యడానికి దాతలు ముందుకొచ్చారు. కానీ మొదలుపెట్టేముందు ఇప్పుడు పరిస్థితి ఎలా ఉందో తేల్చమన్నారు. నీళ్లు, సబ్బులు, బాత్రూములు ఏ గతిన ఉన్నాయి? ఆడవాళ్ల మీద చెయ్యి ఎక్కడ లేస్తోంది? లేస్తే వాళ్లు ఎవరితో చెప్పుకుంటున్నారు? దీన్నే బేస్‌లైన్ సర్వే అంటారు. అది చెయ్యడానికి ఒక కన్సల్టెంట్ కావాలి.

ఎంపిక చేసే ప్యానెల్లో ముగ్గురు. చైర్మన్ షరీఫ్ సార్, అకౌంట్స్‌లో రిటైరైన హైదరాబాదీ. రెండు డాక్టర్ రమణి, బౌషర్‌లో ఓ ఆసుపత్రిలో పనిచేస్తుంది. మూడు మన జితేందర్. జగిత్యాల కుర్రాడు. పేరుకి కోఆర్డినేటర్. నిజానికి డ్రైవరూ, గుమాస్తా, ప్రింటర్‌ని నెత్తిమీద కొట్టి బాగుచేసేవాడూ అన్నీ అతనే.

కన్సల్టెంట్‌గా రావాలనుకునేవాళ్లు తమ ప్రశ్నలు ఎలా అడుగుతారో చేసి చూపించాలని షరీఫ్ సార్ షరతు పెట్టాడు. జవాబులు చెప్పేది ఆఫీసులో వంట చేసే రామసుబ్బమ్మ. కడప మనిషి. ఇక్కడికి రాకముందు ఏళ్ల తరబడి ఒక పెద్దింట్లో పని చేసింది.

పొద్దున సూటేసుకుని ఒకాయన వచ్చాడు. ప్యానెల్ ఎదుటే రామసుబ్బమ్మని కూర్చోబెట్టి, "పనిచేసే చోట మిమ్మల్ని ఎవరైనా కొట్టారా?" అని రేడియోలో వార్తలు చదివినట్టు అడిగాడు. ఆమె షరీఫ్ సార్‌ని చూసింది. జితేందర్‌ని చూసింది. "అంతా బాగుండాది సార్" అంది. ఆయన ఏది అడిగినా అదే జవాబు. ప్యానెల్ ముచ్చటపడి చప్పట్లు కొట్టింది.

ఇప్పుడు ఈ పిల్ల. అమలాపురం. బౌషర్‌లో నర్సుగా ఉన్న అక్క దగ్గర ఉంటోంది.

"ఈ ప్రశ్నలు పదిమంది వింటుండగా అడక్కూడదండీ" అంది.

"ఇది ఉత్త డెమో కదమ్మా. అసల్ది కాదు" అన్నాడు షరీఫ్ సార్.

"రామసుబ్బమ్మగారు అసలు మనిషే కదండీ."

ప్యానెల్ కుర్చీలు వెనక్కి జరిపి లేచింది. తలుపు దగ్గరికేస్తుంటే జితేందర్ చెవిన నాలుగు మాటలు పడ్డాయి. "మీ పేరు రాసుకోనమ్మా. ఇష్టమైతేనే చెప్పండి. వద్దనిపిస్తే మధ్యలో లేచి వెళ్లిపోండి, నేనేమీ అనుకోను."

తర్వాత తలుపు మూసుకుంది.

వరండాలో ఏసీ లేదు. మస్కట్ ఎండ గోడల్లోంచి కూడా కాల్చేస్తుంది. షరీఫ్ సార్ సింధూజ బయోడేటాతోనే విసురుకుంటూ, "నా ఆఫీస్, నా ఏసీ, నేను బయట. క్యా జమానా హై!" అని గొణిగాడు. రమణి డాక్టర్ నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకుంది. లోపల్నించి ముందు నవ్వులు వినిపించాయి. తర్వాత చాలాసేపు ఏమీ వినిపించలేదు.

తలుపు తెరిచేసరికి రామసుబ్బమ్మ ముక్కు ఎర్రగా ఉంది. కొంగుతో మొహం తుడుచుకుని, ఎవరినీ చూడకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది.

"ఏం చెప్పింది?" అన్నాడు షరీఫ్ సార్.

"అది మీకు చెప్పేది కాదండీ."

"అరే! మేం వినలేదు, నువ్వు చెప్పవు. మరి మార్కులెట్ల వెయ్యాలి?"

"అది మీ తిప్పలండీ" అంటూ సింధూజ బ్యాగ్ భుజానికి తగిలించుకుంది. గుమ్మం దాటబోతూ జితేందర్ దగ్గర ఆగింది. "గోడకి ఆనుకున్నారేమో, వీపంతా సున్నమే. దులుపుకోండి" అని ఫక్కున నవ్వి మెట్లు దిగిపోయింది.

జితేందర్ దులుపుకోలేదు. ఆ సున్నంతోనే నిలబడి, ఖాళీ మెట్లవైపు చూస్తూ ఉండిపోయాడు. అంతే, పనైపోయింది.

లోపల మార్కులు మొదలయ్యాయి. షరీఫ్ సార్ సింధూజకి సున్నా పెట్టాడు. రమణి డాక్టర్ మొత్తం వేసేసింది. సూటాయనకి వేసేటప్పుడు ఇద్దరూ సరిగ్గా అటుదిటు చేశారు. ఇక తేల్చాల్సింది జితేందరే. అతను పెన్సిల్ తీశాడు. మళ్లీ కింద పెట్టాడు.

"నేనెయ్య సార్."

"కాయ్‌కూ?"

"ఆమె నాకు నచ్చింది."

"నచ్చితే వెయ్! దానికేం రోగం?"

"గట్ల నచ్చుడు కాదు సార్."

టీ కప్పులు తెచ్చిన రామసుబ్బమ్మ గుమ్మంలోనే ఆగిపోయి, "ఓర్నాయనో" అంది.

షరీఫ్ సార్ నెత్తి పట్టుకున్నాడు. "పావుగంటల ప్రేమనా? మియా, టీ చల్లారడానిక్కూడా అంతకంటె ఎక్కువ పడుతది!"

జితేందర్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా తల దించుకోలేదు. "నేను మార్కులేస్తే ఆమెకు పనొస్తది సార్. రేపెవడో, గా పిల్లకు పనెట్లొచ్చిందిరా అంటే, ప్యానెల్ల పోరనికి నచ్చిందంట, అందుకే ఇచ్చిండట అంటడు. ఆమె చేసేదే ఆడోళ్ల బాధల పని. గా మాట ఆమె ఎందుకు పడాలె? నన్ను లెక్కల్నించి తీసేయుండ్రి."

రమణి డాక్టర్ కప్పు అందుకుంటూ అంది. "సరే, అతన్ని వదిలేద్దాం. షరీఫ్‌గారూ, పొద్దున మన ఎదుట అడిగితే ఈవిడ అంతా బాగుందంది. మనం లేనప్పుడు అడిగితే ఏడ్చింది. ఏ సర్వే కావాలి మనకి?"

షరీఫ్ సార్ మీసం తడుముకున్నాడు. వంటింటివైపు చూశాడు. తర్వాత ఎరేజర్ అడిగాడు.

పని సింధూజకి వచ్చింది. జితేందర్‌కి మాత్రం షరీఫ్ సార్ దగ్గర్నుంచి హుకుం వచ్చింది. "రిపోర్ట్ నా చేతికొచ్చేదాకా నోరు బంద్. ఒక్క ముక్క జారినా ఆమె పనికి మచ్చ, మనకి మచ్చ. సమజైందా?"

సమజైంది. కానీ అసలు తంటా ఆ తర్వాతే మొదలైంది. ఆ షరీఫ్ సారే ఫోన్ చేసి సింధూజకి శుభవార్త చెబుతూ, "ఇద్దరం మార్కులేశాం, జితేందర్ మాత్రం వెయ్యనన్నాడు" అని నోరు జారాడు. పైగా ఊరూరా ఆమెను తిప్పే డ్యూటీ జితేందర్‌దే.

మొదటిరోజు ఆమె వెనక సీట్లో కూర్చుంది.

"ముందు కూసోండ్రి మేడం, ఏసీ మంచిగొస్తది."

"వద్దండీ. మార్కులు తెచ్చుకోలేనిదాన్ని, వెనక బెంచీయే నయం."

జితేందర్ ఏసీ ఇంకాస్త పెంచి బండి కదిలించాడు. ఆ తర్వాత ఎక్కడికెళ్లినా అదే వెనక సీటు, అదే "అండీ". ఆ 'అండీ'లో మర్యాద ఎంతుందో మంట అంతుంది. అతను అద్దంలో చూస్తే, ఆమె ఠక్కున కిటికీవైపు తిరిగేది. శుక్రవారం సెలవు దొరికే ఆడవాళ్లతో ఆమె గదుల్లో తలుపులేసుకుని మాట్లాడుతుంటే, ఇతను మెట్ల మీద కాపలా కూర్చుని, ఎవడైనా చెవి ఒగ్గితే తరిమేసేవాడు. అది ఆమె చూసింది. అయినా వెనక సీటు మారలేదు.

ఇబ్రా దగ్గర ఒక కూలీల క్యాంపులో పరిశుభ్రత ప్రశ్నలు. అక్కడ మేస్త్రీ పోచన్న జితేందర్ ఊరివాడే.

"చేతులు ఎప్పుడెప్పుడు కడుక్కుంటారు పోచన్నగారూ?" అంది సింధూజ.

"నీళ్లొచ్చినప్పుడు బిడ్డా."

"అలాక్కాదండీ. తినేముందా, తర్వాతా..."

"నల్లా తినేముందొస్తే ముందు, తిన్నంకొస్తే తర్వాత. రాకుంటే ప్యాంటుకు తుడుసుకునుడే." పోచన్న ఆమెను తేరిపార చూసి, జితేందర్‌వైపు తిరిగి పళ్లికిలించాడు. "ఏంరా అల్లుడా, మార్కులెయ్యనన్నది ఈమెకేనా?"

జితేందర్‌కి భూమి చీలిపోతే బాగుండుననిపించింది. ఊరివాడు కదా అని ఫోన్‌లో గోడు వెళ్లబోసుకున్న పాపం ఇది. "మామా, నీ కాళ్లు మొక్కుత, సప్పుడు చెయ్యకు!"

సింధూజ మొహం మాడిపోయింది. తనకు మార్కులు దక్కని సంగతి క్యాంపుల దాకా పాకిందన్నమాట.

తిరుగు దారిలో వాన పట్టుకుంది. ఈ దేశంలో వాన ఎప్పుడో చుట్టపుచూపుగా వస్తుంది, వచ్చిందంటే మాత్రం దారులు మూసేస్తుంది. ఎండిపోయి రాళ్లు తేలే వాగు కాస్తా మట్టినీళ్లతో రోడ్డు మీదికొచ్చి పడింది. ఇవతల బళ్లన్నీ ఆగిపోయాయి. ఒమానీలు దిగి, వానలో తడుస్తూ ఫొటోలు తీసుకుంటున్నారు.

ఆమె వెనకనుంచి దిగి, ముందు తలుపు తీసి, తడి జుట్టుతో పక్క సీట్లో కూర్చుంది. జితేందర్ గుండె గేరు తప్పింది.

"ఇప్పుడు ఎక్కడికీ పారిపోలేరు కదా. చెప్పండి. నాకెందుకు మార్కులు వెయ్యలేదు?"

"చెప్పలేను మేడం."

"నాకు పని రాదనుకున్నారా?"

"అయ్యో! మీ అంత పనొచ్చినోళ్లను నేను సూడలే."

"మరి? నేను నచ్చలేదని మొహమ్మీదే చెప్పచ్చు కదండీ. రిపోర్టయ్యాక కాకినాడ వెళ్లిపోతున్నాను, అక్కడ ఉద్యోగం పిలుస్తోంది. మళ్లీ మీ కంటపడను. చెప్పేయండి."

"నచ్చలేదని నేనెప్పుడన్న?"

అనేశాక నాలిక్కరుచుకున్నాడు. వైపర్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. సింధూజ పూర్తిగా అతనివైపు తిరిగింది.

"అంటే?"

"వాగు తగ్గింది మేడం. పోదామా?"

ఎదురుగా వాగు ఎవరిదో ప్లాస్టిక్ కుర్చీని ఊరేగిస్తూ తీసుకుపోతోంది.

మర్నాడు ఆమె వంటింట్లో రామసుబ్బమ్మని పట్టుకుంది. "ఆరోజు లోపల ఏం జరిగింది? మీరున్నారుగా!"

రామసుబ్బమ్మ ఉల్లిపాయ తరుగుతూ తలెత్తలేదు. "లోపల ఇన్నమాట బయట చెప్పగూడదని నువ్వే గదా పాపా నాకు చెప్పింది. నేను చెప్పను. పో."

ఆ మాటలు గుమ్మం అవతల జితేందర్ కూడా విన్నాడు. కాకినాడ పేరు విన్నప్పటినుంచి అతనికి అన్నం సహించడం లేదు. నోరు తెరిస్తే ఆమె పనికి మచ్చ. తెరవకపోతే ఆమే వెళ్లిపోతుంది.

రిపోర్టు ఇచ్చే రోజు రానే వచ్చింది. సింధూజ అందరి ముందూ చదివి వినిపించింది. పేర్లు లేవు, ఇళ్ల గుర్తులు లేవు. ఆడవాళ్లు అన్నిటికంటే ముందు ఏం అడిగారో అది మాత్రం ఉంది. డబ్బులు కాదు, సబ్బులు కాదు. పడుకునే గది తలుపుకి లోపలివైపు గడియ.

షరీఫ్ సార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మా ఇంట్లో పనిచేసే పిల్ల గదికి గడియ ఉందో లేదో నేనెప్పుడూ చూళ్లేదమ్మా" అన్నాడు. "ఇయ్యాల పోయి చూస్త. లేకుంటే ఇయ్యాలే పెట్టిస్త."

తర్వాత రిపోర్టు మీద సంతకం పెట్టి, జితేందర్‌వైపు చూసి గొంతు సవరించుకున్నాడు. "మియా, రిపోర్ట్ చేతికొచ్చింది. ఇగ నోరు ఖుల్లా."

జితేందర్ లేచాడు. "సార్, డాక్టరమ్మా, మీరు జర బయటికి పోండ్రి."

"మళ్లా బయటికా!"

"పదండి షరీఫ్‌గారూ, మనకి అలవాటేగా" అంటూ రమణి డాక్టర్ ఆయన్ని లాక్కెళ్లింది. రామసుబ్బమ్మ తనంతట తనే తలుపు మూసింది.

గదిలో ఇద్దరే మిగిలారు. సింధూజ చేతులు కట్టుకుని నిలబడింది.

"ఒక్క ప్రశ్న అడుగుత" అన్నాడు జితేందర్. "ఇష్టమైతేనే చెప్పుండ్రి. వద్దనిపిస్తే మధ్యల లేచి పోవచ్చు. నేనేమనుకోను." ఆగి, నిజం చెప్పేశాడు. "అంటె, అనుకుంట. మస్తు బాధపడ్త. కాని మిమ్మల్ని ఏమన."

ఆమె పెదవి కొరుక్కుంది. "అడగండి."

"గారోజు మార్కులెందుకెయ్యలేదంటే, మీరు నాకు నచ్చిన్రు. నేనేసి మీకు పనొస్తే, గది మీ పని కాకుండ నా ప్రేమైతది. అందుకే ఎయ్యలే. ఇప్పుడు మీ పని మీదే, నా చెయ్యి అండ్ల లేదు." ఊపిరి పీల్చుకున్నాడు. "నన్ను చేసుకుంటరా?"

సింధూజ అతన్ని చాలాసేపు చూసింది. కళ్లు చెమర్చాయి. ఆ కళ్లతోనే నవ్వింది.

"ఆ వాగు తగ్గలేదని నాకప్పుడే తెలుసండీ."

"మరి కాకినాడ?"

"రానని నిన్ననే మెయిల్ పెట్టేశాను. ఇక్కడే వేరే సంస్థలో పని దొరికింది. మీ ప్యానెల్ జోలి లేని చోట."

"నిన్ననా! నేను ఇయ్యాల్నే కదా అడిగిన?"

"మీరు అడక్కపోతే నేనే అందర్నీ బయటికి పంపేదాన్నండీ బాబూ! శుక్రవారం బౌషర్ రండి. మా అక్క చేపల పులుసు పెడుతుందట. ఈసారి ఇంటర్వ్యూ మీకే."

"ప్యానెల్ల ఎవరెవరుంటరు?"

"అక్క, బావ, వీడియోలో అమ్మ. నేను మాత్రం మార్కులు వెయ్యను."

తలుపు తెరిచేసరికి షరీఫ్ సార్ వీపంతా సున్నమే. గోడకి ఆనుకుని తలుపుకి చెవి ఎంతసేపు పెట్టాడో ఏమో.

"ఏమన్నది? ఏమన్నదమ్మా?"

"అది మీకు చెప్పేది కాదండీ" అంది సింధూజ.

"అరే, మరి మాకెట్ల తెలియాలి?"

"అది మీ తిప్పలు సార్" అన్నాడు జితేందర్.

రామసుబ్బమ్మ మాత్రం ఏమీ అడగలేదు. ఇద్దరి మొహాలూ ఒక్కసారి చూసి, పాయసానికి పాలు పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది.