ఏనుగుబండ నేలదివ్వెలు

వరహాలుకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. తాను వెళ్లిన చోటినుంచి తిరిగి రాలేకపోతే, ఇంకా పాలు మానని తన బిడ్డ ఎవరి ఒళ్లో పడి ఏడుస్తుందోనని. సంతకు వెళ్లినా, గోదావరి దాటినా ఆ భయం ఆమె కొంగు పట్టుకుని వెంటే ఉండేది. అలాంటి మనిషి వేసవి చివర, మొదటి వాన పడిన మర్నాడే, కూతురు పండును చంకనెత్తుకుని మారేడుమిల్లి అడవులకు బయలుదేరింది.

కారణం ఒక పువ్వు.

కడియపులంకలో వాళ్ల నర్సరీకి పేరు తెచ్చింది నేలదివ్వె. దానికి ముందుగా ఆకు ఉండదు, కాడ ఉండదు. తొలి చినుకులు పడితే చాలు, బోడినేలను చీల్చుకుని వేలెడంత మొగ్గ లేస్తుంది. తెల్లని రేకుల నడుమ నిప్పురవ్వలాంటి గొంతుతో విచ్చుకుంటుంది. కాశ్మీరునుంచి తెప్పించిన కుంకుమపువ్వు దుంపలు ఇక్కడి ఉక్కకు తాళలేక కుళ్లిపోయాయి గాని, నేలదివ్వెను మాత్రం అత్త మంగాయమ్మ పెళ్లయిన నాటినుంచీ కాపాడుకుంటూ వచ్చింది. కిందటేడు వరదనీరు మడుల్లో నిలిచిపోయింది. నీరు తీశాక ఆమె ఒక్కొక్క దుంపనూ బొటనవేలితో నొక్కి చూసింది. అన్నీ మెత్తగా దిగబడిపోయాయి. ఒక్క పిలక కూడా మిగల్లేదు.

"మీ మావగారు దీన్ని ఏనుగుబండ కిందనించే తెచ్చారు," అంది మంగాయమ్మ. "పూలున్న చోటే తవ్వాననేవోరు. ఆ బండలో ఎక్కడో రాగికుండ కూడా ఉందని అక్కడోళ్లు అన్నారంట. ఎతక్కుండా వచ్చేశారు."

కుండ అన్నమాట చెవిన పడగానే మరిది గవర్రాజు గునపం భుజాన వేసుకున్నాడు.

"అయితే నువ్వే వెళ్లొచ్చెయ్యి బాబూ," అంది వరహాలు ఆశగా.

"ఈడా?" మంగాయమ్మ నవ్వింది. "విషపు నాభిదుంపని చిలగడదుంప అనుకుని పొయ్యిలో పెట్టిన మొనగాడు. ఈణ్ణి నమ్ముకుంటే ఏ అడవి ఉల్లో మోసుకొత్తాడు. నీ మొగుడు అబ్బులు చూస్తే లారీతో హైదరాబాదు ఎల్లాడు. నా మోకాళ్లు కొండెక్కవు. దుంపని చూసి ఇదీ అని చెప్పగలిగేది నువ్వేనే."

ఎనిమిదో తరగతిలోనే బడి మానేసిన వరహాలుతో ఇంతవరకూ ఏ పనికైనా 'నువ్వే' అన్నవాళ్లు లేరు. భయం ఒకపక్క, ఆ మాట ఒకపక్క. మాటే బరువు తూగింది.

నెల్లికొండ గూడెంలో లచ్చిరెడ్డి వాళ్లకు దారి చూపడానికి ఒప్పుకున్నాడు. వయసు మీద పడినా కొండగొర్రెలా నడిచే మనిషి. పండును అతని భార్య బూదమ్మ ఒళ్లో పెట్టి, వరహాలు నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చింది.

"ఆకలేస్తే జావ తాగుద్ది. వేడిగా పెట్టకు అవ్వా. నిద్రొస్తే చెవి లాక్కుంటది. ఏడిస్తే..."

"ఆరుగురిని పెంచానమ్మా," అంది బూదమ్మ. "ఎల్లు. నువ్వుంటేనే ఏడుత్తాది."

వెదురు పొదల మధ్యగా, నాచు పట్టిన రాళ్ల మీదుగా ముగ్గురూ సాగిపోయారు. వాగు దాటి మలుపు తిరగగానే ఏనుగుబండ కనిపించింది. ఆకాశాన్ని ఆనుకుని మోకాళ్ల మీద కూలబడిన నల్లని ఏనుగులా ఉంది. వరహాలు దాని పాదం దగ్గరకు పరుగున వెళ్లింది. నేలంతా దున్నినట్టు గోతులు. ఎక్కడ చూసినా నమిలి ఉమ్మిన దుంపతొక్కలు.

"అడవిపందులు," అన్నాడు లచ్చిరెడ్డి. "పూలున్న చోటు ఇదే. ఇప్పుడు లేవు."

గవర్రాజు ఆ గోతుల్లోనే గునపం దించాడు. చెమట కారేదాకా తవ్వాడు. మట్టి, రాళ్లు తప్ప ఏమీ తగల్లేదు.

వరహాలు మాత్రం ఒక రాతిసందున వంగి చూస్తోంది. అక్కడ ఒకే ఒక్క నేలదివ్వె. పువ్వు వాడింది. దుంప సగం పైకి తేలి, వేళ్లు గాలిలో ఆడుతున్నాయి. ఆమె దాన్ని బొటనవేలితో నొక్కింది. లోపల ఈగపురుగు తిన్న గుల్ల. నాటడానికి పనికిరాదు. కాని దాని వేళ్లకు అంటిన మట్టి అక్కడి నేలలా ఎర్రగా లేదు. బూడిదలా తెల్లగా, పొడిగా ఉంది.

"గవర్రాజూ, తవ్వకం ఆపు. ఇది ఇక్కడ పుట్టిన దుంప కాదు."

"పుట్టకపోతే ఎగిరొచ్చిందేంటి వదినా?"

"దొర్లొచ్చింది. మన మడుల్లో గట్లుంటాయి కాబట్టి దుంప పెట్టినచోటే ఉంటది. ఇక్కడ గట్టెవరేశారు? ఏటేటా వాన కిందికి దొర్లిస్తానే ఉంది. మావగారు చూసిన పూలూ అలా వచ్చినవే. తల్లి దుంపలు పైనున్నాయి."

ఆమె కొంగు నడుముకు చెక్కి ముందుగా ఎక్కడం మొదలుపెట్టింది. వానపాయ కోసిన గాడి వెంబడి, తెల్లమట్టి చారికను వెతుక్కుంటూ, చేతులతో చెట్ల వేళ్లను పట్టుకుని పాకుతూ పైకి వెళ్లారు. ఆ చారిక ఏనుగుబండ కడుపులోకి, మనిషి పడుకుని దూరేంత కన్నంలోకి వెళ్లి మాయమైంది.

లచ్చిరెడ్డి కన్నం వాసన చూశాడు. "మెకం లేదు. పదండి."

లోపల నిలబడగలిగేంత గుహ. టార్చి వెలుగు కన్నం పక్కనున్న మట్టిగోడ మీద పడింది. గోడ నిండా, నేల నిండా నేలదివ్వెలు. తెల్లటి రేకులు వందల నోళ్లలా తెరుచుకుని, ఒక్కొక్క గొంతులో ఒక్కొక్క నిప్పుకణం. ఏ నర్సరీలోనూ, ఏ పూల ప్రదర్శనలోనూ అంత పూతను వరహాలు చూడలేదు. ఇది మా పువ్వు, అనుకుంది. ఆమె ఛాతీ నిండిపోయింది.

తల్లిదుంపను కదపకూడదు, పిలకనే తియ్యాలి. అది మంగాయమ్మ నేర్పిన పద్ధతి. వరహాలు గోటితో ఒక పిలకను విడదీసి, నొక్కి చూసి, బూడిద కలిపిన ఇసుక డబ్బాలో పడుకోబెట్టింది. డబ్బా మూత బిగిస్తుండగా గవర్రాజు అరిచాడు.

"కుండ!"

మట్టిగోడలో, దుంపల గుత్తుల మధ్య, పచ్చబారిన రాగి అంచు మెరుస్తోంది.

"దాన్ని ముట్టుకోకు," అంది వరహాలు. "ఆ గోడని నిలబెట్టింది దుంపల వేళ్లే."

"ఒక్క దెబ్బ వదినా. మనింటి గోడలు కూడా నిలబడాలి కదా."

గునపం కుండ పక్కన దిగింది. ఒక గుత్తి ఊడింది. దాని వెనకే మరొకటి. ఆపైన గోడంతా మూలిగినట్టు కదిలి, మట్టి, రాళ్లు, పూలు కలగలిసి వరదలా దూకాయి. లచ్చిరెడ్డి ఇద్దరినీ పక్కకు నెట్టాడు. దుమ్ము అణిగేసరికి కుండ లేదు. వచ్చిన కన్నమూ లేదు.

గవర్రాజు చేతులతో మట్టి తోడసాగాడు. తోడినకొద్దీ పైనుంచి జారుతోంది. "వదినా, నావల్లే వదినా," అన్నాడు తోడుతూనే.

వరహాలు కళ్లముందు పండు చెవి లాక్కుంటూ మెదిలింది. ఉన్నచోటే కూర్చుండిపోయింది. ఏదో ఒకటి పట్టుకోవాలన్నట్టు నేలమీద చెయ్యి వేసింది. చేతికి పూలు తగిలాయి. మిగిలిన ఈ కొసన పూలన్నీ ఒకే వైపుకు వంగి ఉన్నాయి. వచ్చిన కన్నం వైపు కాదు. వెనక్కి.

కుండీని కిటికీ పక్కన పెడితే మొగ్గ ఎటు తిరుగుతుందో నర్సరీ పిల్లకు వేరే చెప్పాలా?

"టార్చి ఆర్పు."

"చీకట్లోనా వదినా?"

"ఆర్పమన్నాను."

చీకటి కమ్ముకుంది. మెల్లగా, చాలా మెల్లగా, పూలు వంగిన మూలన పాలచారలాంటి వెలుగు తేలింది. రాతి వెనక, పైకి పోయే ఇరుకు చీలిక ఒకటి.

లచ్చిరెడ్డి అడ్డంగా ఉన్న బండకు వీపు ఆనించి పైకి ఎత్తాడు. "బిడ్డతల్లి ముందు," అన్నాడు.

"తాతా, నువ్వు..."

"పాలకేడుత్తాది. పో."

వరహాలు డబ్బాను పళ్లతో కరుచుకుని, మోచేతులు చీరుకుపోతున్నా పైకి పాకింది. ఎండ ముఖాన కొట్టింది. వెనకే గవర్రాజు వచ్చాడు. ఇద్దరూ లోపలికి చేతులు చాచి లచ్చిరెడ్డిని లాగారు. నడుం దాకా వచ్చాక కింద బండ జారి అతని కాలి మీద పడింది. అతను అరవలేదు. పళ్లు బిగించి, "లాగండి," అన్నాడంతే.

గవర్రాజు అతన్ని గూడెం దాకా వీపున మోశాడు. దారిలో కుండ ఊసెత్తలేదు. జావ మూతి తుడుచుకోకుండానే పండు తల్లి మీదికి దూకింది.

లచ్చిరెడ్డి కాలికి కట్టు వేయించారు. కాని ఎముక సరిగా అతకలేదు.

ఆ పిలక మరుసటేడు తొలివానకు కడియపులంకలో పూసింది. పక్క నర్సరీలవాళ్లు వరుస కట్టి వచ్చి చూశారు. "ఎక్కడ దొరికింది?" అని అడిగినవాళ్లందరికీ మంగాయమ్మ ఒకటే చెప్పింది. "నా కోడలు కొండ కడుపులోంచి తెచ్చింది."

ఇక మీకొక మాట. వానలు ముదిరితే నెల్లికొండ వాగు పొంగుతుంది. కడియపులంకనుంచి ఎవరూ అటు దాటలేరు. మీరు కొండమీది వాళ్లయితే, లేదా వాన ముందు అటు వెళ్లే పని పడితే, గూడెంలో లచ్చిరెడ్డి ఇంటికి ఒకసారి వెళ్లండి. బాగున్నావా అని అడిగితే బాగున్నానంటాడు, అది నమ్మొద్దు. ఆయన లేచి గుమ్మం దాకా నడిచి వచ్చాడా, కూర్చున్నచోటినుంచే పలకరించాడా, అది చూసి కడియపులంక నర్సరీలో మాకు కబురు చెయ్యండి.