వెనక సీటు లేని బండి

ఆసిఫాబాద్ దాటినంక మూతపడ్డ పత్తి మిల్లు ఒకటుంది. చీకటి పడ్డంక దాని గేటు ముందర బండి ఆపొద్దంటరు. ఆపకున్నా దయ్యం ఎక్కుతదంటరు.

గేటు కాడ రోడ్డు మీద పెద్ద గతుకు. బండి ఎగిరి పడంగనే... వెనక ఎవరో కూసున్నట్టయితదట. దర్గా మలుపు దాక ఊగుకుంట వచ్చి, అక్కడ దిగిపోతదట.

మా పక్కింటి హనుమండ్లుకు రెండుసార్లయింది. మూడోసారి పెండ్లాన్ని వెనక కూసోవెట్టుకొని పోయిండు — జాగ ఖాళీ లేకుంట.

నా కొడుకు మోయిజ్‌కు ఇదంతా నవ్వులాట. వాడు పాత కార్లు బాగుచేస్తడు. కరీంనగర్ ఓంప్రకాశ్ సేటు తన పాత స్పోర్ట్స్ కారు ఇచ్చిండు. ఎర్రది, కురచది, రెండే సీట్లు. గతుకుల మీద ఊపు ఆపే షాకబ్జర్లు సరిచేయాలె. తెల్లారి సేటు వస్తుండు. నచ్చితే వాడి షెడ్డు నిలుస్తది. లేకుంటే మళ్ల హైదరాబాద్‌ల ఒకరి చేతికింద పని.

ఒక్కో షాకబ్జర్‌కు ఒక చిన్న నాబ్. ఒక్కో టిక్కుకు జర గట్టిపడుతది. నాలుగు రోజులు తిప్పి తిప్పి, వెనక రెండింటిని ఎనిమిది టిక్కుల మీద నిలిపిండు. మర్నాడు చక్రాలు ఎక్కించేసరికి రాత్రి ఇషా నమాజు యాళ్ల అయింది.

"మెత్తగుంటే బండి ఊగుతనే ఉంటదమ్మీ. మరీ గట్టిగుంటే సేటు నడుము పోతది. గతుకు మీద ఒక్క ఊపు ఊగి ఆగాలె. గా మిల్లు కాడనే చూద్దాం, రా."

"నేనెందుకురా?"

"సేటమ్మ బరువు, నీ బరువు ఒకటే."

"నోరు ముయ్యి."

"భయమా? దీనికి ఎనుక సీటే లేదు. దయ్యం యాడ కూసుంటది?"

పోయినం.

మిల్లు వచ్చింది. గేటు రేకు గాలికి కొట్టుకుంటుంది. గతుకు మీద ఎగిరినం... పడ్డం.

ఒక ఊపు. రెండు... మూడు...

ఆగలే.

నా వెనకాల — సీటు లేని చోట — ఎవరో కూసోని కాళ్లు ఊపుతున్నట్టు బండి ఊగుతనే ఉంది.

"అమ్మీ... నువ్వు కదులుతున్నవా?" గుసగుసగ అడిగిండు.

"లే..."

దర్గా మలుపు కాడ ఆపిండు. ఊగుడు ఆగింది.

వాడి పరేషాన్ దయ్యం గురించి కాదు. "ఎనిమిది టిక్కులు సక్కగనే పెట్టిన. ఇంకేం చేయాలె? నాకు ఈ పని రాదమ్మీ. సేటును రావద్దని చెప్త." ఫోన్ తీసిండు.

అప్పుడు యాదికొచ్చింది నాకు. దయ్యం కన్నా ఎక్కువ భయమైంది.

"ఆగు బేటా... ఒక నాబ్ నేను తిప్పిన."

పండుకునేముందు నాబ్ ఏది కనవడ్డా కట్టేసుడు నా అలవాటు. గ్యాసు, నల్లా. నిన్న రాత్రి షెడ్డుల లైటు బంద్ చేయవోతే బండి చక్రాల్లేకుంట జాకీల మీదుంది. నాబ్ కనిపించింది. నూనె కారుతదేమోనని ఆఖరుదాక తిప్పి కట్టేసిన.

వాడు పొట్ట పట్టుకొని నవ్విండు. "అయితే మిల్లు దయ్యం నువ్వేనా అమ్మీ!"

నవ్వుకుంటనే టార్చి పట్టుకొని బండి కిందికి వంగిండు.

నవ్వు ఆగింది.

"అమ్మీ... ఎన్ని తిప్పినవు?"

"ఒక్కటే. ఎడమది."

"రెండూ సున్నా మీద ఉన్నయ్."

రెండింటినీ మళ్ల ఎనిమిదికి తెచ్చిండు. ప్రతి టిక్కు నాకు వినవడ్డది. వాపసు వస్తుంటే గతుకు మీద ఒక్క ఊపు — ఆగింది. వెనక్కి తిరిగి చూడలే నేను.

తెల్లారి సేటు నడిపి చూసి, తన ఇంకో కారు కూడా పంపుతనన్నడు. ఆయన పోయినంక మోయిజ్ వాళ్ల అబ్బాకు చాయ్ ఇచ్చి అడిగిన.

"కుడి దిక్కు నాబ్ మీరు తిప్పిన్రా?"

"నేను షెడ్డు దిక్కే పోలే." సాసర్ల చాయ్ పోసుకున్నడు. ఊదిండు. "డిక్కీ మీద కూసునేటోళ్లకు గట్టి బండి ఒత్తుకుంటది గద, రషీదా. జర మెత్తగ చేసుకున్నరేమో..."

నవ్వుతుండా అని చూసిన. సాసరు మొకానికి అడ్డముంది.