విందుకెళ్లిన ఎరుకపట్టీ

చంద్రుడి మీది వెన్నెలగడ్డ కాలనీలో పోపు పెట్టాలంటే మూకుడు మీద సన్నటి వల కప్పాలి. గురుత్వాకర్షణ ఆరో వంతే కాబట్టి, చిటపటలాడిన ఆవాలు నేరుగా పైకప్పును తాకి తీరిగ్గా దిగుతాయి. పెళ్లయి నెల కూడా కాని హైమవతి, కిరీటి అప్పుడప్పుడు కావాలనే వల తీసేసి, చల్లారి దిగే ఆవాలను అరచేతుల్లో పట్టుకునేవారు.

హైమవతి నాడీశాస్త్రవేత్త. ఆమె కనిపెట్టిన పరికరం చెవి చుట్టూ తొడుక్కునే చిన్న పట్టీ. అందులోని ఎలక్ట్రోడ్లు మెదడులో అవధానాన్ని నడిపే నాడీకణాలను అతి స్వల్పమైన విద్యుత్తుతో మేల్కొలుపుతాయి. ఎంత మేలుకున్నాయో కొలవడానికి ఆమె మాటలను వాడుకుంది. "ఏం తెలుస్తోంది?" అని పట్టీ అడుగుతుంది. జవాబు మొక్కుబడిగా ఉంటే విద్యుత్తును ఒక మెట్టు పెంచి మళ్లీ అడుగుతుంది. చూసినదానికి సరిపడే మాట దొరికాకే ఊరుకుంటుంది.

పేరు దగ్గర ప్రయోగశాలలో చాలా వాదన జరిగింది. స్పృహ అంటే మూర్ఛపోయినవాళ్లు గుర్తొస్తారన్నారు. జాగృతి అంటే ఉపన్యాసం వినాల్సి వస్తుందేమోనని భయమేసింది. చైతన్యం మరీ బరువైంది. చివరికి ఎరుక మిగిలింది.

ఇక కావలసింది కాలనీ అధ్యక్షురాలు నిహారిక గారి అనుమతి. ఆవిడ ఒప్పుకోకపోతే ప్రయోగశాల గదిని పాలకూర మడులకు ఇచ్చేస్తారు, హైమవతి ఆరేళ్ల పని అక్కడితో ఆగిపోతుంది. నిహారిక గారు కాగితాలేవీ చదవనన్నారు. కొత్త దంపతులను ఎలాగూ భోజనానికి పిలవాలి కాబట్టి, అబ్బాయికి పట్టీ పెట్టి తీసుకురమ్మన్నారు.

విందులో గుత్తివంకాయ కూర వడ్డించారు. ఎలా ఉందని ఆవిడ అడిగారు. ఏ కొత్త అల్లుడైనా చెప్పే మాటే కిరీటీ చెప్పాడు.

"చాలా బాగుందండీ."

"ఏం తెలుస్తోంది?" అంది పట్టీ, అతనికొక్కడికే వినిపించేలా.

అతను అమోఘమన్నాడు. పట్టీ ఒక మెట్టు పెంచింది. అమృతమన్నాడు. ఇంకో మెట్టు పెంచింది. కిరీటి ముద్ద కంచంలో పెట్టేసి తలెత్తాడు.

"ఉప్పు రెండుసార్లు పడిందండీ. మీరు కూర తినడం లేదు, మా మొహాలు చూస్తున్నారు. బాగుందని ఎవరన్నా అంటే మీ భుజాలు దిగుతున్నాయి. మీకు... రుచి తెలియడం లేదు కదండీ?"

హైమవతి కాలితో అతని కాలు తొక్కింది. అప్పటికే ఆలస్యమైంది. నిహారిక గారు గరిటె గిన్నెలో వదిలేశారు. హైమవతికి కళ్ల ముందు పాలకూర మడులు కనిపించాయి.

"ఏడాది దాటిందమ్మా," అన్నారావిడ. "మావాడు రోజూ ఈ చేతి వంటే తింటాడు. ఒక్కనాడూ కనిపెట్టలేదు. వాడికొకటి చేసిపెట్టు."

అనుమతి ఆ పూటే వచ్చింది. విందు సంగతి కాలనీ అంతా పాకింది, ప్రయోగశాల ముందు జనం బారులు తీరారు. హైమవతి సంతోషంగా అందరి చెవుల కొలతలూ రాసుకోబోయింది. కానీ కొలతకు చెవి ఇచ్చినవాళ్లు ఎవరూ లేరు. ఒకావిడ భర్తకు కావాలంది. ఆ భర్త తన పైఅధికారికి అడిగాడు. కోడలు అత్తగారికి, అత్తగారు కోడలికి, పంతులమ్మ తరగతి మొత్తానికీ చెప్పారు. తమకంటూ ఎవరూ అడగలేదు. తమకు అన్నీ తెలుస్తూనే ఉన్నాయనీ, ఎదుటివాళ్లకే తెలియడం లేదనీ అందరూ ఒకే మాట చెప్పారు.

జనం వెళ్లాక హైమవతి ఆ ముచ్చట్లు చెబుతూ పగలబడి నవ్వింది. కిరీటీ నవ్వాడు. తర్వాత తన చెవికున్న పట్టీ తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"నువ్వెప్పుడైనా పెట్టుకున్నావా, హైమా?"

"నేనా? తయారు చేసిందే నేను."

"అందుకే అడుగుతున్నా."

ఆమె చెవికి తొడుక్కుంది. పట్టీ నిలవలేదు. చంద్రుడి మీద ఏదైనా జారినట్టే నెమ్మదిగా జారి భుజం మీద వాలింది. మళ్లీ పెట్టుకుంది, మళ్లీ జారింది. నిశ్చితార్థం ఉంగరం కోసం కిరీటి వేలు కొలిచిన రోజునే, అతనికి తెలియకుండా చెవి కూడా కొలిచి పెట్టుకున్న సంగతి ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది.