మునీంద్ర చూడని మ్యాచ్

మునీంద్ర చెవి గోక్కున్నాడు. ఆ పాపానికి శివలీల అవుటయింది.

శివలీల తొమ్మిదో తరగతి. కల్లూరు హైస్కూలు బేస్‌బాల్ జట్టు తరఫున కర్నూలులో సెమీఫైనల్ ఆడుతోంది. జనంలో కూచున్న మునీంద్ర చెయ్యి చెవి దగ్గరికి పోవడమే ఆలస్యం, మొదటి బేస్ నుంచి రెండో బేస్‌కు లగెత్తింది. అప్పటికే బంతి అక్కడ ఆమె కోసం కాచుకొని ఉంది.

ఎలాగోలా ఒక్క పరుగుతో గెలిచారు. గెలిచిన జట్టు పీఈటీ శ్రీవిద్య మాత్రం ఓడినదానిలా వచ్చి మునీంద్ర ముందు నిలబడింది.

"ఎవరప్పా నువ్వు? మా పిల్లోళ్లు నన్నొదిలి నిన్నెందుకు చూస్తాండారు?"

"చెవి గోక్కున్నా మేడం. ఈగ వాలింది. మా లీగ్‌లో చెవి పట్టుకుంటే పరుగెత్తమని సైగ."

కల్లూరులో చిన్నపిల్లలకు ఆదివారం లీగ్ నడిపే చీరల కొట్టతను ఇతనేనని శ్రీవిద్యకు అప్పుడర్థమైంది. ఆమె జట్టులో ముప్పాతిక మంది అక్కడ బ్యాటు పట్టడం నేర్చుకొని వచ్చినవాళ్లే.

"ఆట శానా బాగా నేర్పినారు. నా మాట వినేది తప్ప అన్నీ వచ్చు. రేపు ఫైనల్ చూసి జిల్లా జట్టుకు తీసుకుంటారు. రేపు గూడా ఈగ వాలితే?"

"రానులే మేడం."

"రాకుంటే యాడుండారా అని గేటు తట్టు చూస్తారు. రాండి. చేతులు మాత్రం..."

"కట్టేసుకుంటా."

కసురుతున్నప్పుడు కూడా ఆమె పెదవి చివర నవ్వున్నట్టు తోచింది మునీంద్రకు. ఎండ ఎక్కువగా ఉంది, తోచవచ్చు.

మరునాడు రెండు చేతులూ తొడల కింద పెట్టుకొని కూచున్నాడు. లాభం లేకపోయింది. బ్యాటు పట్టిన శివలీల అతని కనుబొమ్మల్లో సైగ వెతుక్కుంటోంది. పక్కనుంచి శ్రీవిద్య గొంతు చించుకుంటోంది. మంచి బంతి ఒకటి వృథాగా పోయింది.

మునీంద్ర లేచి, కుర్చీని గోడ వైపు తిప్పుకొని, మైదానానికి వీపు పెట్టి కూచున్నాడు.

పిల్లలు ఒకటి రెండుసార్లు చూశారు. వీపులో ఏ సైగా దొరకలేదు. ఇక శ్రీవిద్యను చూడక తప్పలేదు.

అతనికి బ్యాటు చప్పుడు వినిపించింది. "ఆగు! ఆగు! ఇంగ పో!" అని ఆమె కేక వినిపించింది. సగం లేచి, మళ్లీ కూచున్నాడు. ఆ కాళ్లకు పరుగు నేర్పింది తను. ఇప్పుడు అవి ఎటు పరుగెత్తుతున్నాయో తనకే తెలియదు.

ఈలలు, కేకలు. ఎవరివో తెలియలేదు.

"అయిపోయింది. తిరగొచ్చు." శ్రీవిద్య గొంతు.

"గెలిచినారా?"

"గెలిచినాం. నిజంగా చూడనే లేదా?"

"చూస్తే వాళ్లు నన్ను చూస్తారు గదా మేడం. ఇంగ వాళ్లు మీ పిల్లోళ్లు."

శ్రీవిద్య ఇంకో కుర్చీ లాక్కొని అతని పక్కనే, గోడ వైపే తిరిగి కూచుంది. మొదటి బంతి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. అతను గోడనే చూస్తూ విన్నాడు. మధ్యలో కుర్చీలు తీసుకుపోవడానికి మనిషొచ్చి ఇద్దరినీ లేపాడు.

"ఇంగా సగం ఉండాది" అన్నాడు మునీంద్ర దిగులుగా.

"ఆదివారం మా ఊరు బద్వేలు పోతాండా. మా నాయనకూ చెప్పల్ల. మీరూ వస్తే ఇద్దరికీ ఒకేసారి చెప్తా."

"ఆదివారం లీగ్ ఉండాది మేడం" అన్నాడు, బుద్ధి లేకుండా.

"పొద్దున నేనూ లీగ్‌కొస్తా. చిన్నోళ్లు ఇప్పట్నుంచే నా మాట వినేది నేర్చుకోవల్ల. మధ్యాహ్నం బస్సెక్కుదాం."

"ఎవరీయన అని మీ నాయన అడిగితే?"

"నా కోసం మ్యాచ్ చూడకుండా కూచున్నాయన అంటా. తక్కింది ఆయనే అర్థం చేసుకుంటాడు."