తెల్ల ఖాళీలు

నిదానం గారి ఆఫీసు మెట్లెక్కి వచ్చేవాళ్ళు మామూలుగా భయంతోనో కోపంతోనో వస్తారు. ఆ ఉదయం వచ్చిన పెద్దమనిషి మాత్రం సిగ్గుతో వచ్చాడు. కుర్చీ చూపిస్తే అంచున కూర్చున్నాడు. తలుపు వేసి ఉందో లేదో ఒకటికి రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకున్నాడు.

ఆవిడ అసలు పేరు బోర్డు మీద ఉంది కానీ ఎవరూ ఆ పేరుతో పిలవరు. నెత్తిమీద కొంప కూలుతున్నా నడక మార్చని ఆ ప్రైవేటు డిటెక్టివుకి ఊరు పెట్టిన పేరు నిదానం గారు. రిటైరైన టైపిస్టు ఒకాయన ఆవిడకి అసిస్టెంటు. ఆవిడ దగ్గినా అందులో ఏదో ఆధారం ఉందనుకునేంత భక్తి ఆయనది.

వచ్చినాయన నీటి పంపుల విడిభాగాల వ్యాపారి. గోడౌను చూసుకునేది ఆయన బావ, అంటే అక్క మొగుడు. కొన్ని నెలలుగా కంప్యూటర్ రిపోర్టు చూపిస్తున్న సరుకు ర్యాకుల్లో ఉండటం లేదట. ఆ రిపోర్టు తయారుచేసింది తన కూతురేనని చెప్పేటప్పుడు మాత్రం ఆయన మొహం కాస్త విప్పారింది.

"రేపు పొద్దున పోలీసులకి కంప్లయింటు ఇవ్వాలనుకుంటున్నాను. మా అక్క నాతో మాట్లాడటం మానేసింది. బావేమో కాదనడు, అవుననడు. ఆయన తియ్యలేదని మీరు తేలిస్తే మీ కాళ్ళు మొక్కుతాను" అన్నాడు.

"కాళ్ళ సంగతి తరవాత. రిపోర్టు తెచ్చారా?"

తెచ్చాడు. నిదానం గారు పేజీలు ఒక్కొక్కటే తిప్పారు. బేరింగుల సైజులు వరసగా ఉన్నాయి, వాటి కింద ఏమీ అచ్చుకాని తెల్ల ఖాళీ, ఆ కింద మొత్తం. వాల్వుల దగ్గర ఖాళీ ఇంకా పెద్దది. గాస్కెట్ల దగ్గర ఖాళీయే లేదు. కాగితం మీకు చవగ్గా దొరుకుతుందా అని ఆవిడ అడిగారు. వ్యాపారికి అర్థం కాలేదు. టైపిస్టుకీ అర్థం కాలేదు గానీ, తల మాత్రం గట్టిగా ఊపాడు.

గోడౌనులో బావగారు తాళాల గుత్తితో ఎదురొచ్చారు. నెల రోజుల్లో పదేళ్ళు పైబడ్డ మనిషిలా ఉన్నారు. ఏం పోయిందని అడిగితే నేలచూపులు చూస్తూనే చెప్పారు. రిపోర్టు ప్రకారం బేరింగుల్లో సగం లేవు, సీళ్ళలోనూ సగమే ఉన్నాయి, వాల్వుల్లో మూడింట రెండొంతులు లేవు. గాస్కెట్లూ గొట్టాలూ మాత్రం లెక్కకి సరిగ్గా ఉన్నాయి. గాస్కెట్లయితే జేబులో ఇట్టే పడతాయి, బజార్లో ఇట్టే అమ్ముడుపోతాయి. దొంగ వాటి జోలికే పోలేదు.

ఏ సరుకు ఎవరెవరు పంపుతారని నిదానం గారు అడిగారు. బేరింగులు రెండు కంపెనీలవి, సీళ్ళూ అంతే. వాల్వులు మూడు చోట్ల నుంచి వస్తాయి. గాస్కెట్లూ గొట్టాలూ ఒక్కరే పంపుతారు.

"మీ లెక్క మీద మీకు నమ్మకం ఉందా?"

"ఉండేదండీ. ఇప్పుడు నా కళ్ళనే నేను నమ్మలేకపోతున్నాను. నాకు తెలీకుండా నేనే తీశానేమో అని కూడా అనిపిస్తోంది."

బయటికొచ్చాక టైపిస్టు తన అనుమానం లారీ డ్రైవరు మీద అని గుసగుసగా చెప్పాడు. కిందటి కేసులోనూ ఆయన అనుమానం లారీ డ్రైవరు మీదే. ఆ కేసులో అసలు లారీయే లేదు.

కంప్యూటర్ ముందు కూర్చున్న వ్యాపారి కూతురు అడిగినదానికి మర్యాదగానే జవాబిచ్చింది. మొదటి నెలలో ఒకే వరస మళ్ళీ మళ్ళీ అచ్చయ్యేదట, నాన్న విసుక్కుంటే సరిచేసిందట. ఎలా సరిచేశావమ్మా అని అడిగేసరికి చూపు కీబోర్డు మీదికి దించేసింది. ఏదో సెట్టింగు అంది. ఆ తరవాత తలెత్తలేదు.

మధ్యాహ్నం అందర్నీ వ్యాపారి ఆఫీసు గదిలో కూర్చోబెట్టారు. వ్యాపారి అక్క కూడా వచ్చి, తమ్ముడికి దూరంగా భర్త పక్కన కూర్చుంది.

"ఈ దొంగకి పట్టింపులెక్కువ" అని మొదలుపెట్టారు నిదానం గారు. "ఇద్దరు పంపే సరుకులో సగం తీశాడు. ముగ్గురు పంపే దాంట్లో రెండొంతులు తీశాడు. ఒక్కరే పంపేది ముట్టుకోలేదు. అలా ఏ మనిషీ దొంగతనం చెయ్యడు. ఇది రిపోర్టు చేసిన పని."

ఆవిడ రిపోర్టు తెరిచి బల్ల మీద పెట్టారు.

"పెద్ద రిపోర్టులో ఒక్కో సరుకూ ఒక్కసారే రావాలి. వచ్చినప్పుడు దాని కింద సబ్‌రిపోర్టు అనే చిన్న రిపోర్టు నడిచి, ఏ సైజు ఎంతుందో చూపించి మొత్తంలో కలుపుతుంది. సరుకు పంపేవాళ్ళ పట్టికని కూడా ఆ పెద్ద రిపోర్టుకే జోడించారు. బేరింగులకి ఇద్దరున్నారు కాబట్టి బేరింగులు రెండుసార్లు వచ్చాయి. రెండుసార్లూ చిన్న రిపోర్టు నడిచింది. ఉన్న సరుకే రెండింతలై కూర్చుంది."

"కాగితం మీద ఒక్కసారే ఉంది కదండీ?" అన్నాడు వ్యాపారి.

"రెండోసారి వచ్చినవాటిని కనబడకుండా చేశారు. కనబడకపోయినా లెక్కలో పడుతూనే ఉన్నాయి. ఈ తెల్ల ఖాళీలు అవే. మీరు అడుగున ఉన్న మొత్తం ఒక్కటే చూశారు. పైనున్నవి ఒక్కసారి కూడి చూస్తే మీ బావగారి లెక్కే వచ్చేది."

టైపిస్టు అక్కడికక్కడే కూడాడు. బావగారి లెక్కే వచ్చింది.

అమ్మాయి లేచి నిలబడింది. "నాకు పోయిన నెలే తెలిసింది మామయ్యా. పంపేవాళ్ళకి వేరే సబ్‌రిపోర్టు పెట్టి ఉంటే సరిపోయేది. చెబుదామనే నాన్న గదికి వెళ్ళాను. మా అమ్మాయి రిపోర్టు వల్లే దొంగ దొరికాడని ఫోన్లో ఎవరికో చెబుతున్నారు. నాకు మొహం చెల్లలేదు." ఇక మాట్లాడలేక ఏడ్చింది. బావగారు లేచి ఆమె తల నిమిరారు.

వ్యాపారికి తల కొట్టేసినట్టయింది. "బావా, రేపట్నుంచి అన్నీ ఎప్పట్లాగే మీరే చూసుకోండి" అన్నాడు.

"అలాగే చూసుకుంటాను. ఒక్క మాట. సాయంత్రం వెళ్ళేటప్పుడు నా జేబులు వాచ్‌మన్ చేత వెతికించకు. వెతకాలంటే నువ్వే వెతుకు. పాపం, అతను నా జేబులో చెయ్యి పెట్టి తల పక్కకి తిప్పుకుంటున్నాడు. చూడలేకపోతున్నాను."

జేబులు వెతికించిన సంగతి వ్యాపారి నిదానం గారికి చెప్పలేదు. అక్కకీ తెలియదు. ఆవిడ మెల్లగా తమ్ముడి వైపు తిరిగింది. ఆ చూపు తప్పించుకోవడానికి ఆయన బల్ల మీది రిపోర్టు అందుకుని మొహానికి అడ్డంగా పట్టుకున్నాడు. అందరూ వెళ్ళిపోయేదాకా దించలేదు.